బండి ఎక్కనియ్యొద్దు

1961 జులై 3

గార్డు జయరాముడు ఈ రోజు కూడా సైకిలును చూసి మొహం తిప్పుకున్నాడు. నా టిక్కెట్టు ఉంది, సైకిలుకు లగేజి చీటీ ఉంది. రెండూ చాపాను. చూడలేదు. జిలాన్ బాషా కూతురినని ఊరుకుంటున్నాడట, ఇంకెవరైనా అయితే ప్లాట్‌ఫారం మీదే వదిలేసేవాడట. ఇదంతా నాతో కాదు, చంకలోని పచ్చజెండాతో చెప్పినట్టు చెప్పాడు.

నేనే ఎత్తి, గార్డు ఉండే బ్రేకు వ్యానులో పెట్టాను. పెడలు ఆయన రేకుపెట్టెకు తగిలింది. కావాలని తగిలించలేదు. తగిలినందుకు విచారమూ లేదు. ఆ పెట్టె మీద ఒక మెత్త ఉంటుంది, ఆయన కూర్చునేది. నాయన కుట్టి ఇచ్చిందే. నాయన ఏకిన దూది మీద కూర్చుని నా సైకిలు మీద చిరాకు పడతాడు.

ఆడవాళ్ల పెట్టెలో కిటికీ దగ్గర కూర్చున్నాక ఆయనకు చెప్పాల్సిన మాటలన్నీ వరసగా వచ్చాయి. మంచి మాటలు, ఎక్కడా తడబాటు లేనివి. ఎప్పుడూ ఇంతే. కదిరి స్టేషనులో నోరు రాదు. ఊరి చివర వంక దాటాక వస్తుంది.

జులై 6

రైలు ఆలస్యం. నల్లగుండ్ల స్టేషనులో దిగి, వంకపల్లికి నాలుగు మైళ్లు ఎదురుగాలిలో తొక్కి బడికి చేరేసరికి ఇన్‌స్పెక్టరుగారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. పిల్లలు గోడకు ఆనుకుని బొమ్మల్లా ఉన్నారు.

రైలు ఆలస్యమైందని ఇంగ్లీషులో చెప్పాను. భయం వేస్తే నాకు ఇంగ్లీషు వస్తుంది. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన భయం ఆ భాషలోనే ఉంది. ఆయన తెలుగులోనే జవాబిచ్చారు. ఆడమనిషిని ఈ ఊరికి వేయొద్దని తాను ముందే రాశారట. కదిరిలో ఉండి ఇక్కడ పాఠం చెప్పడమేమిటి అన్నారు. ఈ ఊళ్లో బడికి ఒక్కరే పంతులు. ఆ ఒక్కరూ లేకపోతే అది బడి కాదు, పశువుల కొట్టం అన్నారు.

తరువాత అన్నది ఇది. అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటున్నాను.

"ఆగస్టు ఏడు, సోమవారం, మళ్లీ వస్తాను. ఆ రోజు బడిగంట మీ చేత్తో మీరు కొట్టాలి. కొడితే ఉద్యోగం ఖాయం చేయమని రాస్తాను. లేదంటే మగ మాస్టరును వేయమని రాస్తాను. తరువాత నా దగ్గరికి రావద్దు."

రైలు ఆలస్యమైతే మగ మాస్టరు ఎగిరి వస్తాడా అని అడగాల్సింది. నాలుగు మైళ్లు వెనక్కి తొక్కాక తోచింది.

జులై 7

గాలి. పళ్ల మధ్య ఇసుక.

జులై 9

ఆదివారం. చైనుకు నూనె వేశాను. వెనక చక్రంలో రెండు పల్లేరు ముళ్లు. పంక్చరు నేనే వేసుకున్నాను. నాయన దూది ఏకడం ఆపి చూస్తూ కూర్చున్నాడు. ఆయన చూస్తే చాలు, పని సరిగ్గా చేస్తాను.

ఈ సైకిలు నేను ఉండి చదువుకున్న కాన్వెంటుది. ఆవరణ లోపల, ప్రార్థన మందిరం చుట్టూ, సిస్టర్ ఆగ్నెస్ నేర్పింది. గేటు దాటకూడదు. అన్నేళ్లూ గుండ్రంగానే తొక్కాను. వాళ్లు కొత్తది కొన్నప్పుడు దీన్ని నాయన అడిగి తెచ్చాడు, రైలులో, తన దూది మూటల మధ్య పెట్టుకుని. నేరుగా తొక్కడం వంకపల్లి దారిలో నేర్చుకున్నాను.

చీర చక్రంలో పడకుండా వెనక చక్రానికి వల అల్లింది కూడా నాయనే. బొంతలు కుట్టే దారంతో. బజారులో దొరికే వలకంటే గట్టిది.

నాయన లాంటివాడు నాకు ఉండగా నేను భయపడాల్సింది ఏమీ లేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

జులై 12

పిల్లలు సగం మంది రాలేదు. కరువు పనికి పోయిన తల్లుల వెంట చంటివాళ్లను ఎత్తుకుని పోయారు. మబ్బులు వస్తున్నాయి, ఆగకుండా పోతున్నాయి. వాటి స్టేషను వేరే ఎక్కడో ఉంది.

బడి ఎదురింట్లో హనుమంతమ్మ అనే ఆమె ఉంది. భర్త లేడు, గొర్రెలు ఉన్నాయి. రోజూ నాకు మజ్జిగ ఇస్తుంది, ఇచ్చి నిలబడి తాగేదాకా చూస్తుంది. ఈ రోజు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమమ్మా టీచరమ్మా, దీనికి గడ్డి ఏస్తావా, తవుడు పెడతావా?" అంది.

గాలి కొడితే చాలన్నాను.

"గాలి తింటాదా? అట్లయితే మా ఊర్లో దీనికి కరువు ల్యా."

చాలా రోజుల తరువాత పైకి నవ్వాను. నా నవ్వు నాకే వినిపించింది.

జులై 16

ఆదివారం. ఈ పేజీ ఎవరూ చూడరు కాబట్టి నిజం రాస్తాను.

బడిలో లెక్కల పని ఉందని ఇంట్లో చెప్పాను. లేదు. సైకిలుతో రైలెక్కాను. నల్లగుండ్లలో దిగి వంకపల్లి వైపు కాకుండా పట్టాల అవతలి వైపు తిరిగాను. గుండ్ల దగ్గరికి బాట ఉంది. ఏనుగులంతేసి నల్లటి బండలు, ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య నీడ. అక్కడ సైకిలు పడుకోబెట్టి, నేనూ ఒక బండకు ఆనుకుని పుస్తకం చదివాను. జొన్నరొట్టె తిన్నాను. ఒక ఉడుత వచ్చింది. నన్ను టీచరమ్మా అని ఎవరూ పిలవలేదు. పాపా అని ఎవరూ పిలవలేదు. సాయంత్రం రైలు కూత వినిపించేదాకా నాకు పేరు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బాటలో ఒక ఎద్దుల బండి ఎదురైంది. తిప్పయ్యది. నల్లగుండ్ల మనిషే, స్టేషనుకు శెనక్కాయ మూటలు తోలుతాడు. బండి ఆపి, నేను కనపడకుండా పోయేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

చూడనీ.

జులై 21

పెదనాయన కరీం సాబ్ ఇంటికి వచ్చాడు. పల్లెలు తిరిగి శెనక్కాయలు కొంటాడు కాబట్టి ఏ ఊళ్లో ఎవరు తుమ్మినా ఆయనకు తెలుస్తుంది. అమ్మ టీ ఇచ్చింది. ఆయన నాతో మాట్లాడలేదు. నేను గదిలో ఉన్నాను, ఆయన వసారాలో ఉన్నాడు, మధ్యలో తడిక ఒకటే. నాకు వినపడాలనే గట్టిగా మాట్లాడాడు.

"పనికి పోతాంది, సరే. కరువు కాలం, ఎవురూ ఏమనరు. ఆదివారం పూట గుండ్లకాడ ఒక్కతే కూర్చోని పుస్తకం చదివేదేంది రా? మసీదుకాడ నన్ను అడుగుతాండారు. ఏం చెప్పల్ల నేను?"

నాయన ఏమన్నాడో వినపడలేదు. దూది ఏకే విల్లు చప్పుడు మాత్రం మొదలైంది. టంగ్, టంగ్, టంగ్. కోపం వస్తే ఆయన అలాగే చేస్తాడు. నా తరఫున కోపం వచ్చింది. పెదనాయన వెళ్లేదాకా ఆపలేదు.

జులై 22

అమ్మ అన్నం పెడుతూ, "యాడికి పోయినావని నేను అడగల్యా" అంది. అంతే. అడగకపోవడం కూడా అడగడమే.

పనికి పోతే తొక్కొచ్చు. ఊరికే తొక్కకూడదు. కాళ్లు అవే, చక్రాలు అవే, దారి కూడా దాదాపు అదే. పాపమంతా ఆ ఊరికే అన్న మాటలో ఉందన్నమాట.

జులై 28

నాయన ఈ సాయంత్రం నా పక్కన కూర్చుని, సైకిలు లేకుండా వంకపల్లికి పోవడానికి కుదరదా అని అడిగాడు. నాలుగు మైళ్లు నడిస్తే బడిగంట మధ్యాహ్నం కొట్టాలి నాయనా అన్నాను. నవ్వాడు. నా వేలికి ఉన్న సైకిలు నూనె మరకను తన పంచెతో తుడిచాడు.

గాలికి నేను అలిసిపోతున్నానని ఆయన బాధ.

ఆగస్టు 2

గార్డు ఈ రోజు సైకిలును ఏమీ అనలేదు. నన్ను జాలిగా చూశాడు. చిరాకే నయం.

ఆగస్టు 5

సోమవారం ఇన్‌స్పెక్షను. పిల్లలతో పద్యాలు వల్లె వేయించాను. నేలంతా పేడతో అలికించాను. బడిగంట అంటే వేలాడగట్టిన రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనుప కమ్మీ పోకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

నాయన నిన్న నల్లగుండ్ల వైపు పని ఉందని వెళ్లి వచ్చాడు. అక్కడ ఎవరికి పరుపులు కుడుతున్నాడో చెప్పలేదు. ఈ రోజు సంతోషంగా ఉన్నాడు.

ఆగస్టు 7

రాయలేను. పేజీ నిలవడం లేదు. గాలి వల్ల.

ఆగస్టు 8

ఇది వంకపల్లిలో, హనుమంతమ్మ ఇంటి అరుగు మీద రాస్తున్నాను. డైరీ సంచిలో ఉండటం మంచిదైంది.

నిన్న పొద్దున రైలు సమయానికే వచ్చింది. అదే ముందు రాయాలి. రైలు తప్పు లేదు. నాయన చీకటితోనే విల్లు భుజాన వేసుకుని ముదిగుబ్బ వైపు పనికి వెళ్లిపోయాడు. నేను సైకిలును బ్రేకు వ్యాను దగ్గరికి తోసుకుపోయాను. జయరాముడు తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. సైకిలు ఈ రోజు వద్దేమో అనుకుని, సరే, సైకిలును స్టేషనులో వదిలి దిగాక పరుగెత్తి అయినా పోతాను అనుకుని, ఆడవాళ్ల పెట్టె వైపు నడిచాను. ఆయన వెంట వచ్చి అక్కడా అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు ఎక్కొద్దు పాపా. ఇంటికి పో."

టిక్కెట్టు చూపించాను.

"టిక్కెట్టు ఉంటే ఉండనీ. పెద్దోళ్ల మాట. నేనేం చేసేది?"

పెద్దోళ్లంటే రైల్వేలో పెద్ద ఆఫీసర్లు అనుకున్నాను. నా పెడలు తగిలి ఆయన పెట్టె చొట్ట పడినందుకు పైకి రాసి ఉంటాడు అనుకున్నాను. పెట్టెలో ఆడవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. టీ అమ్మే అతను కేటిలు కింద పెట్టి మరీ చూస్తున్నాడు. ఈ రోజు ఇన్‌స్పెక్షను అనాలి. గంట నేనే కొట్టాలి అనాలి. ఒక్క మాట రాలేదు. ఇంగ్లీషు కూడా రాలేదు. ఆయన జెండా ఊపాడు. రైలు నా ముందునుంచే పోయింది, చివరి పెట్టెలో ఖాళీ జాగాతో.

నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆ అసహ్యంతోనే సైకిలు ఎక్కాను.

కదిరి నుంచి వంకపల్లికి రోడ్డు పదహారు మైళ్లు. ఎవరూ సైకిలు మీద పోరు, ఈ గాలిలో అసలు పోరు. కొంతదూరం తొక్కాను, కొంతదూరం తోసుకుంటూ నడిచాను. గాలి పమిటను నోట్లో కుక్కింది. ఒక చోట వెనక చక్రం బిగుసుకుపోయింది. దిగి చూస్తే నాయన అల్లిన వల తుమ్మముల్లుకు చిక్కి చిరిగి, చువ్వల్లోకి చుట్టుకుపోయింది. వేళ్లతో రాలేదు. అంత గట్టి దారం. పళ్లతో కొరికి, రాయితో నూరి తెంపాను. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మళ్లీ ఎక్కాను. దారిలో గొర్రెల వాళ్లు ఆగి చూశారు. చూడనీ అని ఈసారి పైకే అన్నాను. గాలి తీసుకుపోయింది.

బడికి చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. హనుమంతమ్మ వీధిలోనే ఉంది. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు, నా కుర్చీలో కూర్చున్నారు, ఏదో రాశారు, సాయంత్రం రైలుకని నల్లగుండ్లకు పోయారు. ఆయన్ను ఆపాలని ఆమె మజ్జిగ ఇచ్చిందట, బొరుగులతో ఉగ్గాణి చేసి పెట్టిందట, చివరికి గొర్రెపిల్లను కూడా చూపించిందట. ఇంకేం చూపించాలో తోచలేదట.

అక్కడినుంచి స్టేషనుకు గాలి వెనకనుంచి తోసింది. జన్మలో అంత వేగంగా తొక్కలేదు.

ప్లాట్‌ఫారం మీద ముందు కనిపించింది పోర్టరు ఓబుళేసు. నన్ను చూసి, "ఏమ్మా, ఇప్పుడొస్తివా? నీకోసం పొద్దున్నుండి బండి కాచుకోని ఉండె" అన్నాడు.

ఏ బండి అన్నాను.

"తిప్పయ్య బండి. ఎద్దుల బండి. చూసి చూసి ఇప్పుడే పాయ."

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. ఇన్‌స్పెక్టరుగారు బెంచీ మీద ఉన్నారు. నా చీరను, చేతుల నెత్తురును, సైకిలును చూశారు. కదిరి నుంచి దీని మీదేనా అని అడిగారు. అవునన్నాను, తెలుగులో. రాసింది కొట్టేయనని, కానీ వచ్చే సోమవారం ఇంకొక్కసారి వస్తానని, అదే ఆఖరని అన్నారు. రైలు సమయానికే వచ్చిందే, మరి ఎందుకు ఎక్కలేదని అడిగారు.

అప్పుడే సాయంత్రం రైలు వచ్చింది. జయరాముడు దిగాడు. నేను చెయ్యి ఎత్తి ఆయన్ను చూపించాను. మాట రాలేదు, చెయ్యి లేచింది. ఇన్‌స్పెక్టరుగారు గట్టిగా అడిగారు, టిక్కెట్టు ఉన్న మనిషిని ఎందుకు ఎక్కనివ్వలేదని.

జయరాముడు టోపీ తీశాడు.

"నాదేముండాది సార్? ఈ పాప నాయన జిలాన్ బాషా, నాకు తమ్మునితో సమానం. నా చెయ్యి పట్టుకోని చెప్పినాడు. సోమవారం నుండి మా పాప బండి ఎక్కనియ్యొద్దు జయరామన్నా అని. కన్నోని మాట కాదంటానా?"

అదీ పెద్దోళ్ల మాట.

తరువాత నా వైపు తిరిగి మెత్తగా, "రామ్మా, ఇప్పుడు ఎక్కు. ఇంటికి పోయే బండే గదా. ఇంటికి పోయేదానికి ఆయప్ప వద్దనల్యా" అన్నాడు.

ఎక్కలేదు.

ఎక్కను అన్నాను. పైకే అన్నాను. ఇన్‌స్పెక్టరుగారు విన్నారు, ఓబుళేసు విన్నాడు, ఆడవాళ్ల పెట్టెలో అందరూ విన్నారు. నేను సోమవారం దాకా వంకపల్లిలోనే ఉంటానని మా ఇంట్లో చెప్పమని గార్డుకు చెప్పాను. కబుర్లు మోయడం ఆయనకు బాగా వచ్చు.

హనుమంతమ్మ గొర్రెలను ఒక మూలకు తోలి నాకు చాప వేసింది.

ఆగస్టు 9

నాయన.

నాయన.

రాస్తే తగ్గుతుందనుకున్నాను.

ఆగస్టు 10

నాయన వచ్చాడు.

బడి వదిలే వేళకు తిప్పయ్య ఎద్దుల బండిలో వచ్చి వీధిలో దిగాడు. చేతిలో అమ్మ పంపిన చీరలు, రొట్టెల మూట. నన్ను చూసి నవ్వబోయి, సైకిలును చూసి ఆగాడు. ముందు అడిగింది, వల ఏది అని.

చిక్కుకుంటే తెంపేసినా అన్నాను.

వంగి చక్రాన్ని తడిమాడు. అక్కడక్కడ దారం పోగులు ఇంకా ఉన్నాయి. వాటిని గోటితో తీస్తూ మాట్లాడాడు, నా మొహం చూడకుండా.

"నేను చెప్పింది ఈ బండి బిడ్డా. రైలుబండి గాదు. ఈ సైకిలు బండిని ఎక్కనియ్యొద్దు, నీ బ్రేకులో ఏసుకోవద్దు అంటి. నువ్వు రైల్లో వస్తావు, ఈడ తిప్పయ్య బండి ఉంటాది, నీడన కూర్చోని బడికి పోతావు, ఎవురూ ఏమనరు అనుకుంటి. అంతా మాట్లాడిపెట్టినా. ఆ జయరాముడు తిక్కలోడు, రైలుబండి అనుకున్నాడు."

ఎదురింటి అరుగు మీద హనుమంతమ్మ గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. తల ఎత్తకుండానే, "ఏమప్పా సాయిబూ, మూడు బండ్లు పెట్టుకోని ఒక్క మాట చెప్తివా?" అంది.

తిప్పయ్య నవ్వాడు. నాయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇన్నాళ్లూ కిటికీ దగ్గర కూర్చున్నాక వచ్చే మాటలు మొదటిసారి వేళకు వచ్చాయి. ఎక్కువ రాలేదు.

"నాకెందుకు చెప్పల్యా నాయనా?"

"నీకు చెప్తే ఇంటావా?"

"ఇనను. అందుకే నాకు చెప్పల్ల."

ఆయన చేతిలో దారం పోగు ఉండిపోయింది. పెదనాయన తడిక అవతలనుంచి చెప్పాడు. అమ్మ అడగనని చెప్పింది. నువ్వు గార్డుకు చెప్పావు, బండివాడికి చెప్పావు. నేను ఏ బండి ఎక్కాలో ఈ రైలు దారిలో నాకు తప్ప అందరికీ తెలుసు. ఇదంతా అనలేదు. అనాల్సింది ఆ ఒక్క మాటే.

కాసేపటికి నాయన, పనికి పోతే ఎవరూ ఏమనరని, ఊరికే తిరిగితేనే అంటారని మెల్లగా అన్నాడు. గుండ్ల దగ్గరికి ఎందుకు పోయినావని అడిగాడు. ఇరవై రోజుల తరువాత, చివరికి, నన్ను అడిగాడు.

చెప్పలేదు. చెప్పడానికి ఉన్న మాట ఒకటే, అది నోటిదాకా వచ్చి ఆగింది. కాన్వెంటులో కూడా ప్రతిదానికీ కారణం చెప్పాలి. కారణం లేని పని చేశానని నేను ఎప్పుడూ ఎవరికీ ఒప్పుకోలేదు.

ఇంటికి రమ్మన్నాడు. సోమవారం అయ్యేదాకా రానన్నాను. ఎద్దుల బండి ఎక్కి వెళ్లిపోయాడు. బండి మలుపు తిరిగేదాకా ఆయన వీపు కనిపించింది. ఎప్పుడూ విల్లు ఉండే భుజం ఖాళీగా ఉంది. జాలి పడకూడదని లోపలికి వచ్చేశాను.

ఆగస్టు 12

జాలి పడలేదు.

ఆగస్టు 14

గంట కొట్టాను.

ఇన్‌స్పెక్టరుగారు వీధి చివర ఉండగానే కొట్టాను. అవసరం కంటే గట్టిగా కొట్టాను. హనుమంతమ్మ గొర్రెలు బెదిరాయి. ఆయన రోజంతా కూర్చున్నారు, పద్యాలు విన్నారు, లెక్కలు చేయించారు. వెళ్లేముందు ఉద్యోగం ఖాయం చేయమని రాస్తానన్నారు. ఇక ఈ ఊళ్లోనే ఉండండి, రైలూ సైకిలూ గొడవ లేదు కదా అని కూడా అన్నారు. హనుమంతమ్మ అదే అంది. పక్క కొట్టం ఖాళీగా ఉంది, గొర్రెల వాసన నాలుగు రోజుల్లో అలవాటవుతుంది అంది.

అందరికీ నచ్చే దారి అదే. ఏ బండీ ఎక్కక్కరలేదు. వద్దన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. "నువ్వు ఆ చక్రాల మీదే పుట్టినావు లే" అంది.

సాయంత్రం స్టేషనుకు తొక్కాను. రైలు ఆగింది. బ్రేకు వ్యాను తలుపు దగ్గర జయరాముడు ఉన్నాడు. ఆయన వెనకనుంచి నాయన దిగాడు. ధర్మవరం దాకా పోయి, అదే రైలులో తిరిగి వస్తున్నాడట. ఓబుళేసు లాంతరు తుడవడం ఆపాడు.

జయరాముడు ఈసారి నన్ను చూడలేదు, నాయననే చూశాడు. పోయినసారి పడ్డ మాటలు ఆయనకు ఇంకా మంటగానే ఉన్నాయి.

"ఇప్పుడు సరిగ్గా చెప్పప్పా. ఈ పాపను ఏ బండి ఎక్కనియ్యల్ల?"

నాయన నోరు తెరిచాడు. నేను ముందే అన్నాను.

"రెండూ."

నాయన సైకిలు పట్టుకోబోయాడు. ఇవ్వలేదు. నేనే ఎత్తి లోపల పెట్టాను. పెడలు మళ్లీ ఆ పెట్టెకు తగిలింది. ఈసారి కావాలనే.

నాయన మొగవాళ్ల పెట్టెలో, నేను ఆడవాళ్ల పెట్టెలో వచ్చాం. కదిరిలో దిగాక ఇంటిదాకా ఆయన నడిచాడు, నేను సైకిలు తోసుకుంటూ పక్కన నడిచాను. ఇంటి గుమ్మం దగ్గర సంచిలోంచి కొత్త వల తీసి ఇచ్చాడు. నేను లేని రోజుల్లో అల్లాడు. అదే దారం.

తీసుకున్నాను.

ఆగస్టు 15

బడిలో జెండా ఎగరేశాను. గాలి బాగా పనికొచ్చింది.

ఆగస్టు 17

నాయన వల కట్టావా అని చూశాడు. కట్టలేదు. కుచ్చెళ్లు దోపుకునే తొక్కుతున్నాను. వల నా పెట్టెలో పుస్తకాల కింద ఉంది. పారేయలేదు. కోపం తగ్గాక కడదామని ఉంచలేదు. ఎందుకు ఉంచానో తెలియదు.

ఆగస్టు 20

ఆదివారం. పొద్దున వాకిట్లో సైకిలు తుడుస్తున్నాను. నాయన విల్లుకు నారి బిగిస్తున్నాడు. పెదనాయన కూడా ఉన్నాడు, వసారాలో టీ తాగుతూ. ఈసారి మధ్యలో తడిక లేదు.

నాయన తల ఎత్తకుండా, "యాడికి?" అన్నాడు.

గార్డును కాదు, తిప్పయ్యను కాదు. నన్నే.

పెదనాయన గ్లాసు దించి నా వైపు చూశాడు. స్టేషనులో మొదటి గంట కొట్టడం వినపడింది. సంచిలో పుస్తకం, జొన్నరొట్టె ఉన్నాయి.

"ఊరికే" అన్నాను.